పోలీసు ఫోను, వైర్‌లెస్ రికార్డులు: పౌరుని మాటకు సాక్ష్యం



ఆపద వేళ ఒక మనిషి పోలీసులకు ఫోను చేసి పలికిన మాటలు రెండు చోట్ల నిలుస్తాయి. ఒకటి కాగితం, రెండవది శబ్దం. కాగితం మీదికి చేరేది, విన్నవారు తమకు అర్థమైనంత మేరకు తమ భాషలో రాసుకొన్న సారాంశం. శబ్దంలో నిలిచేది పలికినవారి సొంత మాట. ఇరుగుపొరుగు భాషే తన ఇంటి భాష అయిన పౌరునికి ఈ రెండింటి మధ్య ఎడం అంతగా ఉండదు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, కార్యాలయంలో హిందీ లేదా ఆంగ్లం వాడవలసిన కుటుంబానికి మాత్రం ఆ ఎడం చాలా పెద్దది. వారి మొర కాగితాన్ని చేరేలోపే ఒక భాషను దాటి మరొక భాషలో ప్రవేశిస్తుంది. ఆ దాటుడులో ఏదైనా జారిపోతే, జారిపోయిన మాటను తిరిగి చూపగలిగినది రికార్డయిన శబ్దం ఒక్కటే. అందుచేత ఆ శబ్దం ఎలా నమోదవుతుంది, న్యాయస్థానంలో దాని విలువ ఎంత, పౌరుడు దానిని ఏ మార్గాన కోరవచ్చు అనే మూడు సంగతులు ప్రతి తెలుగు కుటుంబానికీ తెలిసి ఉండవలసినవి.

ఫోను ఎక్కడికి చేరుతుంది?

చాలాకాలంపాటు పోలీసులకు 100, అగ్నిమాపక దళానికి 101 అంటూ వేర్వేరు నంబర్లు వాడుకలో ఉండేవి. అన్నింటికీ కలిపి 112 అనే ఒకే నంబరు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో సిఫారసు చేసింది. 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌తో మొదలై ఈ ఏర్పాటు ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. మహారాష్ట్రలో ఈ కాల్స్‌ను అందుకొనే కేంద్రాలు నవీ ముంబయిలో ఒకటి, నాగపూరులో ఒకటి ఉన్నాయి. అంటే సోలాపూరులో ఉన్న వ్యక్తి 112 నొక్కితే అటువైపు పలికేది ఆ పేట ఠాణాలోని హవల్దారు కాదు, వందల కిలోమీటర్ల దూరంలో తెర ముందు కూర్చున్న ఆపరేటరు. ఫోను చేసిన వారి వీధి, అక్కడి దేవాలయం, మూలమీది మగ్గాల కార్ఖానా ఆ ఆపరేటరు కంటికి తెలిసినవి కావు. చెవికి వినబడిన మాటే వారికి ఆధారం.

ఫోను ఎత్తిన క్షణం నుండి మూడు జాడలు ఏర్పడతాయి. మొదటిది, సంభాషణ మొత్తాన్ని తేదీ, గంట, నిమిషం, సెకనుతో సహా పట్టి ఉంచే ధ్వని రికార్డు. రెండవది, ఆపరేటరు తెర మీద నింపే సంఘటన పత్రం. ఎవరు, ఎక్కడ, ఏమి జరిగింది అన్న వివరాలు ఇందులో క్లుప్తంగా ఉంటాయి. మూడవది, ఆ పత్రం జిల్లా లేదా నగర కంట్రోల్ రూముకు చేరిన తరువాత, అక్కడి నుండి గస్తీ వాహనానికి వైర్‌లెస్‌లో సాగే ఆదేశాలు, వాహనం నుండి వచ్చే జవాబులు. ఫోను మోగినది ఎప్పుడు, ఆదేశం వెళ్ళినది ఎప్పుడు, వాహనం చేరినది ఎప్పుడు అన్నవి ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తేలిపోతాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదాన్ని గమనించాలి. పరిచయమున్న అధికారి సొంత మొబైలుకు చేసిన ఫోను ఈ రికార్డు వ్యవస్థలోకి రాదు. పేటలో పెద్దమనిషి ద్వారా పంపిన కబురు అసలే రాదు. తెలిసినవారు ఉన్నారు కదా అని వారికి ఫోను చేయడం తప్పు కాదు. కాని మొదటి ఫోను 112కు వెళ్ళాలి. ఆ తరువాతనే పరిచయాలు.

వైర్‌లెస్ సంగతి మరికొంత భిన్నమైనది. ఫోనులో ఇద్దరే మాట్లాడుకొంటారు. వైర్‌లెస్‌లో ఒకరు పలుకుతుంటే ఆ ఛానెల్‌లో ఉన్న వారందరూ వింటారు. ఒకరు ముగించిన తరువాతనే మరొకరు అందుకోవాలి. మాట ముగిసిందని తెలపడానికే ‘ఓవర్’ అనే పదం. దేశంలోని పోలీసు వైర్‌లెస్ వ్యవస్థల సమన్వయానికి కేంద్ర సంస్థ 1946లోనే ఏర్పడింది. పూర్వం పెద్ద చక్రాల మీద తిరిగే టేపులు ఈ మాటలను పట్టి ఉంచేవి. నేడు ఆ పనిని కంప్యూటరు చేస్తున్నది. యంత్రం మారినా సూత్రం మారలేదు. ఎవరు ఎవరికి ఏమి చెప్పారు, ఏ నిమిషాన చెప్పారు అన్నది మనుషుల జ్ఞాపకశక్తికి వదిలిపెట్టరాదన్నదే ఆ సూత్రం.

ఒక రాత్రి, రెండు రకాల రికార్డులు

ఈ సూత్రం విలువ ఎంతటిదో 2008 నవంబరు 26 నాటి ముంబయి దాడులు చూపించాయి. ఆ రాత్రి ఉగ్రవాదులకూ, సరిహద్దు అవతల నుండి వారిని నడిపించిన వారికీ మధ్య సాగిన ఫోను సంభాషణలను అధికారులు పట్టుకొని రికార్డు చేశారు. తరువాత విచారణలో అవి సాక్ష్యంగా నిలిచాయి. 2012 ఆగస్టు 29న అజ్మల్ కసబ్ అప్పీలును తోసిపుచ్చుతూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ సంభాషణలు విపులంగా చర్చకు వచ్చాయి. దాడి వెనుక ఉన్న కుట్రను నిరూపించడంలో వాటి పాత్ర గొప్పది.

అదే రాత్రికి చెందిన రెండవ రికార్డు పోలీసుల సొంత వైర్‌లెస్ సంభాషణలది. కామా ఆసుపత్రి సమీపంలోని రంగ్‌భవన్ సందులో ఉగ్రవాద నిరోధక దళాధిపతి హేమంత్ కర్కరే, అదనపు పోలీసు కమిషనర్ అశోక్ కామ్టే, ఇన్‌స్పెక్టర్ విజయ్ సాలస్కర్ ప్రాణాలు అర్పించారు. వారితోపాటు అదే వాహనంలో ఉండి తీవ్రంగా గాయపడిన కానిస్టేబుల్ అరుణ్ జాధవ్, ఉగ్రవాదులు వాహనాన్ని విడిచి వెళ్ళిన తరువాత వైర్‌లెస్ అందుకొని సమాచారం పంపాడు. అశోక్ కామ్టే అంతకుముందు సోలాపూరు పోలీసు కమిషనరుగా పనిచేసినవారు కనుక అక్కడి తెలుగు పేటలకు కొత్త పేరు కాదు.

తన భర్త చివరి గంటలో ఏమి జరిగిందో తెలుసుకోవాలని వినీతా కామ్టే కోరుకొన్నారు. కంట్రోల్ రూముకు ఏ సమాచారం ఎప్పుడు అందింది, అక్కడి నుండి సహాయం ఎప్పుడు కదిలింది అన్నవి ఆమె ప్రశ్నలు. మాటల్లో వచ్చిన జవాబులు ఆమెకు తృప్తి కలిగించలేదు. సమాచార హక్కు చట్టం కింద వైర్‌లెస్ సంభాషణల రికార్డులను కోరారు. మొదట నిరాకరణ ఎదురైనా పట్టు విడవక చివరకు వాటిని పొందారు. వాటి ఆధారంగా 2009లో ‘టు ది లాస్ట్ బుల్లెట్’ అనే పుస్తకం వెలువడింది. ఆమె తీసిన నిర్ణయాలతో విభేదించిన పోలీసు అధికారులు ఉన్నారు. తమ వాదనను వారూ బహిరంగంగానే వినిపించారు. ఆ వివాదంలో ఎవరి పక్షం సరైనదన్నది వేరే చర్చ. గమనించవలసినది ఇది: ఇరుపక్షాల వారూ వాదించడానికి ఒక నిర్దిష్టమైన ఆధారం, గంటలూ నిమిషాలతో సహా, వారి ముందు ఉన్నది. రికార్డు లేకపోతే ఆ ఇల్లాలి ప్రశ్న ప్రశ్నగానే మిగిలిపోయేది. అధికారులకు సైతం తమ వైపు మాట చెప్పుకొనే ఆధారం ఉండేది కాదు.

ఒక ఉన్నతాధికారి భార్యకే అంత ప్రయాస పడవలసి వచ్చినప్పుడు సామాన్యుని గతి ఏమిటి అని కొందరు నిరాశ పడవచ్చు. అయితే ఆమె నడిచిన మార్గం ఉన్నతాధికారుల కుటుంబాలకు ప్రత్యేకించినది కాదు. పది రూపాయల రుసుముతో ఏ పౌరుడైనా నడవగలిగిన మార్గమే అది.

మామ, అత్త, బిడ్డ

భాష దాటే చోట మాట ఎలా మారిపోతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడవచ్చు. సోలాపూరులో బీడీలు చుట్టి బతికే ఒక కోడలు రాత్రివేళ 112కు ఫోను చేసి, ‘మా మామ కొట్టిండు, అత్త తలుపేసింది’ అన్నదనుకొందాం. మరాఠీ చెవికి ‘మామా’ అంటే తల్లి సోదరుడు. ‘ఆత్యా’ అంటే తండ్రి సోదరి. భర్త తండ్రిని, భర్త తల్లిని ఆ భాషలో ‘సాసరే’, ‘సాసూ’ అంటారు. ఆపరేటరు ఏ దురుద్దేశమూ లేకుండానే, తనకు వినబడిన దానిని నమ్మి, మేనమామ కొట్టాడని, మేనత్త తలుపు మూసిందని సంఘటన పత్రంలో నింపుతాడు. తెలుగులో ఈ రెండు మాటలూ రెండేసి బంధుత్వాలను మోస్తాయి. మేనరికం చేసుకొన్న ఇళ్ళలో ఒకే మనిషి రెండు వరుసలకూ తగినవాడు కావచ్చు.

ఈ చిన్న తేడా వల్ల చట్టమే మారిపోతుంది. వివాహితపై భర్త గాని, భర్త బంధువులు గాని క్రూరంగా ప్రవర్తిస్తే వర్తించేది భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను. పుట్టింటి మేనమామకు ఆ సెక్షను వర్తించదు. కొన్ని నెలల తరువాత ఆ కోడలు న్యాయస్థానంలో నిలబడి తన మామగారి పేరు చెబితే, ఎదుటి న్యాయవాది సంఘటన పత్రాన్ని చూపి, ‘ఆ రాత్రి మేనమామ అన్నావు, ఇప్పుడు మామగారు అంటున్నావు’ అని నిలదీస్తాడు. ఆమె మాట మార్చలేదు. మాటను మార్చినది అనువాదం. అయినా కాగితం ఒక్కటే ఆధారమైతే ఆమెనే అబద్ధమాడినదిగా లెక్కిస్తారు. రికార్డయిన శబ్దం అక్కడ ఉంటే, తెలుగు తెలిసిన ఏ మనిషి విన్నా సందేహం తీరిపోతుంది.

కర్ణాటకలోనూ తమిళనాడులోనూ ఈ చిక్కు ఇంతగా రాదు. కన్నడ ‘మావ’, తమిళ ‘మామా’ తెలుగు మామవలెనే రెండు వరుసలకూ చెల్లుతాయి. అక్కడ జారిపోయే మాటలు వేరు. అంతెందుకు, తెలుగు తెలిసినవారి మధ్యనే మాట జారవచ్చు. తెలంగాణ నుండి వచ్చిన కుటుంబంలో ‘బిడ్డ’ అంటే కూతురు; ఆమె వయసు ఇరవై అయినా ముప్ఫై అయినా బిడ్డే. కోస్తా ప్రాంతపు చెవికి బిడ్డ అంటే పసిపాప, మగ గాని ఆడ గాని. ‘బిడ్డ కనబడతలేదు’ అన్న మాటను పసిపాప తప్పిపోయిందని రాసుకొంటే, యువతి కోసం వెదకవలసిన వాహనం పసిపాప కోసం వెదుకుతుంది.

కాబట్టి ఫోను చేసేటప్పుడు బంధుత్వపు మాటతో ఆగిపోకుండా పేరు, వయసు, వరుస విడివిడిగా చెప్పాలి. ‘నా భర్త తండ్రి’, ‘నా కూతురు, పందొమ్మిది ఏళ్ళు’ అన్నట్లు చెబితే అపార్థానికి తావుండదు. ‘నేను తెలుగు మాట్లాడతాను, మరాఠీ తక్కువ వచ్చు’ అన్న ఒక్క వాక్యాన్ని మొదట్లోనే చెబితే అదికూడా రికార్డులో నిలుస్తుంది. తరువాత ఏదైనా తప్పు దొర్లితే దానికి కారణం భాష అని చూపడానికి ఆ వాక్యమే ఆధారం.

ఫోను చేయడం, ఫిర్యాదు చేయడం

112కు ఫోను చేసినంత మాత్రాన కేసు నమోదైనట్లేనని చాలామంది భావిస్తారు. అది సరికాదు. అస్పష్టమైన ఫోను సమాచారం దానంతట అది ప్రథమ సమాచార నివేదిక, అంటే ఎఫ్.ఐ.ఆర్., కాబోదని సుప్రీంకోర్టు 1970లో తపిందర్ సింగ్ కేసులోనే చెప్పింది. ఫోను పోలీసులను కదిలిస్తుంది. ఫిర్యాదు కేసును కదిలిస్తుంది. రెండూ అవసరమే.

నేరం జరిగిందని తెలిపే ప్రతి సమాచారమూ ఠాణాలోని జనరల్ డైరీలో చేరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరు 12న స్పష్టం చేసింది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను మరికొంత వెసులుబాటు ఇచ్చింది. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ మార్గంలో పంపిన సమాచారాన్ని మూడు రోజుల లోపు వెళ్ళి సంతకం చేస్తే నమోదు చేసుకోవాలి. నమోదైన దాని ప్రతిని సమాచారం ఇచ్చినవారికి గాని బాధితులకు గాని ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు రాసేటప్పుడు, ‘ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా నంబరు నుండి 112కు ఫోను చేసితిమి’ అన్న వాక్యాన్ని తప్పక చేర్చాలి. ఆ వాక్యం శబ్దాన్ని కాగితానికి ముడివేస్తుంది. దర్యాప్తు అధికారి రికార్డును వెదకడానికి దారి చూపుతుంది.

న్యాయస్థానంలో శబ్దం విలువ

రికార్డయిన మాటను న్యాయస్థానాలు అంగీకరించడం కొత్త విషయం కాదు. ముంబయి కారోనర్‌గా ఉన్న అధికారి లంచం అడిగాడన్న ఆరోపణపై నడిచిన ఆర్.ఎం. మల్కానీ కేసులో, టేపు మీద నిలిచిన ఫోను సంభాషణను సుప్రీంకోర్టు సాక్ష్యంగా స్వీకరించింది. 1985లో రామ్ సింగ్ కేసులో ఇందుకు షరతులను క్రోడీకరించింది. గొంతు ఎవరిదో గుర్తించగలగాలి. రికార్డు యథాతథమైనదని రుజువు కావాలి. అందులో చెరిపివేతలు, చేర్పులు జరిగే అవకాశం ఉండరాదు. మాట వ్యాజ్యానికి సంబంధించినదై ఉండాలి. రికార్డును ముద్రవేసి భద్రంగా ఉంచాలి. మాటలు స్పష్టంగా వినబడాలి. నాలుగు దశాబ్దాల నాటి ఈ షరతులు నేటికీ ఆచరణలో ఉన్నాయి.

కంప్యూటరు యుగంలో వీటికి ధృవపత్రం అనే మరొక షరతు తోడైంది. ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని న్యాయస్థానంలో చూపాలంటే, అది ఏ యంత్రం నుండి ఎలా తీసినదో తెలిపే ధృవపత్రం జతపరచాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షనుగా ఉన్న ఈ నియమం, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షను అయింది. ఫైలులో ఒక్క అక్షరం మారినా బయటపెట్టే ‘హ్యాష్’ సంఖ్యను సైతం కొత్త చట్టపు ధృవపత్రంలో రాయవలసి ఉంటుంది.

రికార్డు ప్రభుత్వ కార్యాలయం చేతిలో ఉండి, కార్యాలయం ధృవపత్రం ఇవ్వకపోతే పౌరుడు ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు మహారాష్ట్ర నుండే వచ్చింది. 2014 శాసనసభ ఎన్నికలలో జాల్నా స్థానంపై నడిచిన అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో, ఎన్నికల అధికారి కార్యాలయపు వీడియోలకు ధృవపత్రం కావాలని కోరినవారికి అధికారులు దానిని ఇవ్వలేదు. ధృవపత్రం తప్పనిసరేనని చెబుతూనే, దానికోసం చేయవలసిన ప్రయత్నమంతా చేసినవారిని ఆ లోపం కారణంగా శిక్షించరాదని సుప్రీంకోర్టు 2020 జులై 14న తీర్పునిచ్చింది. ధృవపత్రాన్ని తెప్పించవలసిందిగా న్యాయస్థానాన్ని కోరవచ్చునని కూడా చెప్పింది. కనుక నోటిమాటగా అడిగి ఊరుకోరాదు. లిఖితపూర్వకంగా అడిగి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. ఇవ్వకపోయినా అడిగినట్లు ఉన్న కాగితమే రేపు రక్షణ.

ఎవరి మాట ఎవరు వినవచ్చు?

రికార్డు మంచిదన్నంత మాత్రాన అందరి మాటలూ అందరూ వినవచ్చునని అర్థం కాదు. పౌరుడు తానుగా 112కు చేసిన ఫోను రికార్డు కావడం వేరు. అతని ఇంటి ఫోనును రహస్యంగా ఆలకించడం వేరు. రెండవదానికి చట్టం కఠినమైన హద్దులు గీసింది. పి.యు.సి.ఎల్. కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు, హోం కార్యదర్శి స్థాయి అధికారి ఉత్తర్వు లేనిదే ఫోనులను ఆలకించరాదని, అటువంటి ప్రతి ఉత్తర్వునూ సమీక్షా సంఘం పరిశీలించాలని నిర్దేశించింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది.

ఆపదలో ఉన్న మనిషి పోలీసులకు చెప్పుకొన్న మాట కూడా గోప్యమైనదే. ఇంటిగుట్టు, గాయాలు, భయాలు అందులో ఉంటాయి. ఈ విషయమై అమెరికాలోని న్యూయార్క్‌లో జరిగిన ఒక వ్యాజ్యం ఆలోచించదగినది. 2001 సెప్టెంబరు 11 నాటి దాడుల్లో చిక్కుకొన్నవారు అత్యవసర నంబరుకు చేసిన ఫోను రికార్డులను ఒక దినపత్రిక కోరింది. ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం 2005లో మధ్యేమార్గం చూపింది. ఫోను ఎత్తిన ఉద్యోగుల మాటలు ప్రజలకు తెలియవచ్చు; వారు ప్రభుత్వం తరఫున మాట్లాడినవారు. మరణం ముంగిట నిలిచి పలికినవారి మాటలు మాత్రం వారి కుటుంబాలు కోరితేనే వెలుగులోకి రావాలి. అధికారి పలికిన మాటకూ ఆర్తుడు పలికిన మాటకూ మధ్య గీసిన ఈ గీత న్యాయమైనది. ఏ ఫోను రికార్డునైనా వాట్సాప్ గుంపుల్లో తిప్పే నేటి అలవాటుకు ఇది హెచ్చరిక కూడా. బాధితురాలి గొంతు ఆమెకు న్యాయం తెచ్చేందుకే గాని, పదిమంది కాలక్షేపానికి కాదు.

రికార్డు కోరే పద్ధతి

సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం ‘సమాచారం’ అన్న మాటలో ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న రికార్డులు కూడా చేరుతాయి. దరఖాస్తు ఆంగ్లంలో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. అంటే మహారాష్ట్రలో తెలుగు దరఖాస్తు చెల్లదు. అయితే రాయలేనివారు నోటితో చెబితే దానిని రాతలో పెట్టడానికి సహకరించడం ప్రజా సమాచార అధికారి విధి అని అదే చట్టం చెబుతున్నది. మహారాష్ట్ర నియమాల ప్రకారం దరఖాస్తు ఒకే విషయానికి సంబంధించినదై, సాధారణంగా 150 పదాలకు మించకుండా ఉండాలి. కనుక చరిత్రంతా రాయకుండా నాలుగు వివరాలు ఇస్తే చాలు: ఫోను చేసిన నంబరు, తేదీ, సుమారు సమయం, కోరే రికార్డు ఏది అన్నది. ధ్వని రికార్డు ప్రతి, సంఘటన పత్రం ప్రతి, వాహనాన్ని పంపిన సమయం అనే మూడింటినీ పేర్కొనాలి.

జవాబుకు 30 రోజుల గడువు ఉంది. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. దర్యాప్తుకు ఆటంకం కలుగుతుందని గాని, ఇతరుల ప్రాణానికి ముప్పు అని గాని కారణం చూపి నిరాకరించే అధికారం వారికి ఉంది. అటువంటప్పుడు 30 రోజుల లోపు మొదటి అప్పీలు, దానిపై నిర్ణయం వచ్చాక 90 రోజుల లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేసుకోవచ్చు. కేసు విచారణలో ఉంటే, రికార్డును తెప్పించవలసిందిగా సురక్షా సంహిత 94వ సెక్షను కింద న్యాయస్థానాన్నే అభ్యర్థించవచ్చు.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. యంత్రంలో శబ్దం ఎల్లకాలమూ నిలవదు. నిల్వ గడువు తీరితే తుడిచిపెట్టుకుపోతుంది. అందుచేత ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే, ‘ఈ ఫోను రికార్డును చెరిపివేయక భద్రపరచవలసినది’ అని కోరుతూ పోలీసు కమిషనరుకు గాని సూపరింటెండెంటుకు గాని ఒక లేఖ ఇవ్వాలి. రికార్డు ప్రతి చేతికి అందడానికి నెలలు పట్టినా, ఈ లేఖ ఇచ్చిన తరువాత దానిని కాపాడే బాధ్యత కార్యాలయం మీద పడుతుంది.

ఠాణా లోపల జరిగిన దానికి వేరే ఏర్పాటు ఉంది. పరంవీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు, దేశంలోని ప్రతి ఠాణాలో దృశ్యంతోపాటు శబ్దాన్ని కూడా పట్టే సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డులు 18 నెలలపాటు, అంత సామర్థ్యం గల పరికరాలు దొరకని చోట కనీసం ఏడాదిపాటు నిలవాలని ఆదేశించింది. ద్వారాలు, లాకప్పులు, నడవాలు, అధికారుల గదులు ఏవీ దీనికి మినహాయింపు కావు. ఠాణాలో దౌర్జన్యం జరిగిందని ఫిర్యాదు చేసే వ్యక్తికి ఆ రికార్డు కోరే హక్కు ఉంది.

రికార్డు ఇరువైపులా పలుకుతుంది

రికార్డు పౌరుని పక్షాన మాత్రమే నిలుస్తుందని అనుకోరాదు. పొరుగువాడి మీద కక్షతో లేని దొంగతనాన్ని కల్పించి ఫోను చేసినవారి గొంతును కూడా అది అంతే శ్రద్ధగా దాస్తుంది. అధికారులకు అబద్ధపు సమాచారం ఇవ్వడం న్యాయ సంహిత 217వ సెక్షను కింద నేరం. అలాగే మర్యాదగా, ఓపికగా మాట్లాడి, సకాలంలో వాహనాన్ని పంపిన ఉద్యోగి మీద అన్యాయమైన నింద పడినప్పుడు, అతనిని కాపాడేదీ ఆ రికార్డే. పోలీసులు తమ సొంత మేలు కోరుకొన్నా ఈ వ్యవస్థను పదిలంగా చూసుకోవాలి.

ఇక ప్రభుత్వ పక్షాన జరగవలసిన పనులు కొన్ని ఉన్నాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ మాట్లాడే జనం గణనీయంగా ఉన్న నగరాల నుండి వచ్చే ఫోనులకు ఆ భాషలు తెలిసినవారు అందుబాటులో ఉండాలి. సంఘటన పత్రంలో ‘ఫోను చేసినవారి భాష’ అన్న గడి ఒకటి ఉండాలి. భాష తేడా ఉన్న ఫోనులలో బంధుత్వాలు, పేర్లు, స్థలాలను ఆపరేటరు తిరిగి అడిగి నిర్ధారించుకోవాలి. న్యాయస్థానానికి రికార్డు వెళ్ళేటప్పుడు మరాఠీ సారాంశంతో సరిపెట్టక, తెలుగు మాటలను తెలుగులోనే అక్షరరూపంలో పెట్టి, పక్కన అనువాదం చేర్చాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వార్డు సభల్లో, మొహల్లా కమిటీ సమావేశాల్లో, పోలీసులతో జరిగే ముఖాముఖిలో తెలుగు సంఘాలవారు వీటిని లిఖితపూర్వకంగా కోరవచ్చు.

అంతవరకు ప్రతి ఇంటిలోనూ చేసుకోదగిన ఏర్పాటు ఒకటి ఉంది. ఇంటి చిరునామాను, దగ్గరి గుర్తును, వార్డు పేరును మరాఠీలో ఒక కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించి ఉంచండి. పిల్లలకూ పెద్దలకూ దానిని చదివి చెప్పడం నేర్పండి. ఆపదలో గొంతు వణికినప్పుడు భార్యాబిడ్డల పేర్లు కూడా తడబడతాయి. రాసి ఉన్న చిరునామా తడబడదు. చిరునామా చెప్పిన తరువాత మిగిలిన మాటను తెలుగులోనే అయినా నిర్భయంగా చెప్పండి. అటువైపు వారికి వెంటనే అర్థం కాకపోయినా అది వ్యర్థం కాదు. ఆ మాట రికార్డులో ఉంటుంది. అవసరమైన నాడు తెలుగు తెలిసినవారి చేత వినిపించవచ్చు.